విమానం ఎక్కాల్సిన పెట్టె

నేను ఒక అట్టపెట్టెను. మీ ఇంట్లో అటక మీద పాత స్వెటర్లు మోస్తూ పడి ఉండే రకం అనుకునేరు, కాదు. నా పక్కన గుండ్రటి ముద్ర ఒకటి, దాని వెంట అక్షరాలూ అంకెలూ ఒక వరుస ఉంటాయి. ప్రమాదకరమైన సరుకును విమానంలో దేశాలు దాటించడానికి నేను తగినవాణ్ణని దాని అర్థం. తెలియనివాళ్లకి అది పిచ్చిగీతల్లా కనిపిస్తుంది. తెలిసినవాళ్లు మాత్రం చూడగానే నన్ను కాస్త మర్యాదగా పట్టుకుంటారు.

ఆ ముద్ర ఊరికే రాలేదు. నేను పుట్టింది కాటేదాన్‌లోని ఒక కార్ఖానాలో. నాకంటే ముందు అదే అచ్చులో పుట్టిన ఐదుగురు అన్నదమ్ముల్ని సీసాలతో నింపి, మనిషి ఛాతీ ఎత్తు నుంచి కింద పడేశారు. ఒకణ్ణి వెల్లకిలా, ఒకణ్ణి బోర్లా, ఒకణ్ణి పొడుగు పక్క మీద, ఒకణ్ణి పొట్టి పక్క మీద, పాపం చివరివాణ్ణి మూల మీద. లోపల ఒక్క సీసా పగల్లేదు. అప్పుడు గానీ మా అందరికీ ముద్ర వెయ్యలేదు. దెబ్బలు తిన్నది వాళ్లు, పేరొచ్చింది నాకు. మనుషుల్లో కూడా ఇలాగే జరుగుతుందని తర్వాత తెలిసి కొంచెం ఊరట కలిగింది.

నన్ను మడిచి, మరో ఇరవై మందితో కలిపి కట్టగట్టి, నాచారం పారిశ్రామికవాడలో పరంధామయ్య గారి దగ్గరికి పంపారు. ఆయన కృష్ణా జిల్లా నుంచి నలభై ఏళ్ల కిందట వచ్చిన మనిషి. రసాయన శాస్త్రంలో పెద్ద చదువు చదివి, ఒక రేకుల షెడ్డులో ఊదా రంగు ద్రవం తయారు చేస్తుంటారు. చీరలకి వేసే రంగు కాదది. రక్తపు చుక్కని గాజు పలక మీద పరిచి ఆ రంగు పోస్తే, లోపల నక్కిన మలేరియా క్రిమి సూక్ష్మదర్శిని కింద పట్టుబడిపోతుంది. ఇంత పుణ్యం చేసే రంగుకి ఒక్కటే అవలక్షణం. దాన్ని కలిపేది మిథనాల్‌లో. నిప్పు తగిలితే భగ్గుమంటుంది, తాగితే ప్రాణం తీస్తుంది. అందుకని ప్రయాణికుల విమానంలో నాలుగు చుక్కలు తప్ప వెళ్లనివ్వరు. ఎక్కువైతే సరుకుల విమానం దాకా ఆగాల్సిందే.

ఆ ఏడు పరంధామయ్య గారికి మొట్టమొదటి విదేశీ ఆర్డరు వచ్చింది. జాంబియాలో ఒక చిన్న ఊరి ఆసుపత్రి. అక్కడ ల్యాబు చూసే ములెంగా అనే ఆవిడ రాసిన మెయిల్‌ని ఆయన షెడ్డులో అందరికీ వినపడేలా చదివారు. అక్కడ వానలు మొదలయ్యాయట, రోజుకి నలభై మంది జ్వరాలతో వస్తున్నారట. ఉన్న రంగు ఎనిమిది రోజులకి మించి రాదట. అది అయిపోతే ఏ జ్వరం ఏమిటో ఊహించి మందులివ్వాల్సిందేనట. సరుకుల విమానం వారానికి ఒక్కటే, గురువారం సాయంత్రం. అది తప్పిందంటే ఇంకో వారం ఆగాలి. ఈ లెక్క షెడ్డులో అందరికీ ఒక్కసారే అర్థమైంది.

నన్ను మడత విప్పి నిలబెట్టింది ఆ షెడ్డులో పనిచేసే స్వరూప. ప్రమాదకర సరుకు కట్టడానికి పరీక్ష రాసి, మొదటిసారి తప్పి, రెండోసారి నెగ్గి సర్టిఫికెట్టు తెచ్చుకున్న మనిషి. పరీక్ష తప్పినవాళ్లకే నియమాలు బాగా గుర్తుంటాయని నా నమ్మకం. పన్నెండు సీసాల మూతలకీ టేపు చుట్టింది. ఒక్కోదాన్నీ సంచిలో పెట్టి, కారితే పీల్చుకోవడానికి దూది పరుపు వేసింది. ప్రతి సీసాకీ "నిటారుగ నిలవడు, పండుకోకు" అని బుద్ధి చెప్పింది. తర్వాత నా ఒంటి మీద అలంకారం. మంట బొమ్మతో ఎర్ర చీటీ, పుర్రె బొమ్మతో తెల్ల చీటీ, సరుకుల విమానంలోనే ఎక్కించమని నారింజ చీటీ, ఇటు పైకి అని చెప్పే బాణాలు. స్కేలు పెట్టి మరీ అంటించింది. పెళ్లికొడుకుని చేస్తున్నారేమో అనుకుని నేను కాస్త ఒళ్లు విరుచుకున్నాను కూడా.

"సార్, ఇగ దీని మీద ఏం పెట్టద్దు. బొట్టు గిట్టు ఏం వద్దు. చీటీలు సాఫ్‌గ కనిపియ్యాలె," అంది స్వరూప.

"అంత తెలివితక్కువవాణ్ణా నేను? సైన్సు చదువుకున్నవాణ్ణమ్మా," అన్నారు పరంధామయ్య గారు.

ఆవిడ కాగితాలకి నకళ్లు తీయించడానికి సందు చివరికి వెళ్లింది. ఇక సైన్సు ఏం చేసిందో వినండి. మనవాళ్లు కొత్త స్కూటరు కొన్నా, బోరు వేసినా, లక్షల ఖరీదు చేసే యంత్రం దించినా ముందు కొబ్బరికాయ పడాలి. మొదటి విదేశీ సరుకు కాయ కొట్టకుండా గడప దాటడమా? పరంధామయ్య గారు అటూ ఇటూ చూశారు. చీటీలు లేని పక్క వెతికి, కింది మూలన పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టారు. "చీటీ మీద కాదు కదా," అని తనకి తానే సర్దిచెప్పుకున్నారు. కాయతో మూడుసార్లు దిష్టి తీసి, గడప మీద ఒక్క దెబ్బ వేశారు. కాయ చక్కగా రెండు చెక్కలైంది. నీళ్లు మాత్రం నా మీదికి ఎగిరాయి. పసుపూ కుంకుమా కలిసి ఎర్రగా జారి, నా అట్టలోకి ఇంకాయి.

ఆయన కండువాతో తుడిచారు. తుడిచినకొద్దీ మరక పెరిగింది. ఇప్పుడైనా స్వరూపకి చెప్పి ఉంటే కథ ఇంకోలా ఉండేది. కానీ ఆయన నన్ను మెల్లగా తిప్పి, మరక ఉన్న పక్కని గోడ వైపు పెట్టి, కొబ్బరిచెక్కలు డ్రాయరులో దాచేశారు. మనుషులు తప్పు చేసినప్పుడు కంటే దాచినప్పుడు ఎక్కువ శుభ్రంగా పనిచేస్తారు.

స్వరూప ఆటో ట్రాలీ తెచ్చింది, నన్ను ఎక్కించింది, శంషాబాద్ దాకా నాకు ఆనుకునే కూర్చుంది. మరక వైపు ట్రాలీ గోడ. నేను చెప్పాలనుకున్నా నాకు నోరు లేదు.

విమానాశ్రయం సరుకుల షెడ్డులో ప్రమాదకర సరుకు పరీక్షించేది ఫిలోమినా మేడమ్. గుంటూరు వైపు మనిషి, కళ్లజోడు తాడుకి కట్టుకుని మెడలో వేసుకుంటుంది. ఆవిడ చేతిలో ప్రశ్నల పట్టీ ఒకటి ఉంటుంది. ఎన్ని ప్రశ్నలున్నా ఒక్కదానికి కాదు అని పడిందా, సరుకు వెనక్కే. ఆవిడ సరుకు వివరాలు రాసిన ఎర్రచారల అంచు కాగితం చదివింది, నా ముద్ర చదివింది, చీటీలు కొలిచింది. అన్నిటికీ అవును, అవును, అవును. గర్వంతో నా అట్ట బిగిసింది. అప్పుడావిడ నన్ను వెనక్కి తిప్పింది.

పుర్రె చీటీ ఉన్న పెట్టె. కింది మూలన ఎర్రటి తడి. ఫిలోమినా మేడమ్ రెండడుగులు వెనక్కి వేసింది.

"అందరూ దూరం జరగండి! లీకేజీ!"

క్షణంలో నా చుట్టూ మైదానమైంది. అంతసేపూ నా మీద మోచెయ్యి ఆన్చి ఫోను మాట్లాడుతున్న ఒకాయన గోడ దాకా పరుగెత్తాడు. కారింది నేల మీదికి పోకుండా నన్ను అంచులున్న పసుపుపచ్చ తొట్టెలో కూర్చోబెట్టారు. టైము రెండుంపావు. సరుకు తీసుకోవడం నాలుగింటికి బంద్.

"నేను కట్టిన పెట్టె కారదు మేడమ్," అంది స్వరూప.

"కారదని మీరంటారు. తడి ఉందని నా కళ్లంటున్నాయి. నేను రిపోర్టు రాయాలండీ," అంది ఫిలోమినా మేడమ్. ఆవిడ కోపంగా అనలేదు. ఆవిడ కోపపడి ఉంటేనే బాగుండేదనిపించింది నాకు.

స్వరూప చేతులకి తొడుగులు వేసుకుని, అనుమతి అడిగి, నా దగ్గరికి వచ్చి వంగింది. మరకని చూసింది. రంగు ఊదా కాదు. ఇంకా కిందికి వంగి, ముక్కు తాకనంత దూరంలో ఆగి వాసన చూసింది. నిటారుగా లేచి ఫోను చేసి, మేడమ్‌కి వినపడేలా స్పీకరు పెట్టింది.

"సార్, నిజం చెప్పుండ్రి. కొబ్బరికాయ కొట్టిండ్రా?"

అవతల పరంధామయ్య గారు గొంతు సవరించుకున్నారు.

"అబ్బే… అదీ… వాతావరణంలో చెమ్మ ఎక్కువుంటే అట్ట ఒక్కోసారి…"

"సార్! ఆడ ఎనిమిది రోజులకే రంగున్నది. ఇయ్యాల విమానం పోతే మళ్లా వారమే. మీరు చెప్పకుంటే ఈ పెట్టె కదలదు."

"కొట్టానమ్మా," అన్నారు పరంధామయ్య గారు. ఆ ఒక్క మాటకి ఆయన అలిసిపోయినట్టు వినిపించింది. "బొట్టు కూడా పెట్టాను. తప్పయిపోయింది. ఆ మేడమ్ గారికి చెప్పు, శిక్ష ఏదైనా ఉంటే నాకు వెయ్యమను. సరుకు మాత్రం ఆపొద్దను."

ఫిలోమినా మేడమ్ కళ్లజోడు తీసింది. నవ్వు ఆపుకోవడానికేనని నా అనుమానం. "చూడండి సార్, మీ మాట నేను నమ్ముతాను. నా ఫైలు నమ్మదు. కంపెనీ కాగితం మీద జరిగింది రాసి, సంతకం పెట్టి పంపండి. మీ అమ్మాయి సీసాలు విప్పి చూపించాలి. ఈ పెట్టె మాత్రం పనికిరాదు. తడిసిన అట్టని నేను విమానం ఎక్కించను."

ఈ పెట్టె అంటే నేను.

స్వరూప ట్రాలీలోంచి మడతపెట్టిన పెట్టె ఒకటి తీసింది. పెళ్లికి వెళ్లేటప్పుడు రెండో చీర పెట్టుకునే రకం మనిషి ఆవిడ. అది నా కట్టలోవాడే, నా తమ్ముడే. షెడ్డు పక్కన సరుకు కట్టుకునే గదిలో నన్ను విప్పి, సీసాలు ఒక్కొక్కటీ బయటికి తీసింది. పన్నెండూ పొడిగా ఉన్నాయి. అవి నా కళ్లముందే వాడి కడుపులోకి వెళ్లాయి. వాడికి కొత్త చీటీలు అంటిస్తుంటే నాకు ఏడుపొచ్చింది. అబద్ధమెందుకు, ఆ తొందరలో ఒక్క చీటీ అయినా వంకరగా అంటుకుంటే బాగుండునని కూడా అనుకున్నాను. స్వరూప స్కేలు తీసింది. వంకర పోలేదు.

ఈలోగా కాగితం వచ్చింది. ఫిలోమినా మేడమ్ దాన్ని పైకే చదివింది. "సరుకు క్షేమంగా చేరవలెనన్న కోరికతో కొబ్బరికాయ కొట్టితిని. పెట్టెపై పడినవి కొబ్బరినీళ్లు మాత్రమే. ఈ విషయము దాచుట నా తప్పు." కింద సంతకం, డిగ్రీలన్నీ వరసగా. గోడ దాకా పరుగెత్తినాయన మళ్లీ వచ్చి చదివించుకున్నాడు.

ప్రశ్నల పట్టీ మళ్లీ మొదటినుంచి. ఈసారి ఆవిడ ముందే వెనక్కి తిప్పి చూసింది. నాలుగింటికి ఇంకా పన్నెండు నిమిషాలుండగా చివరి ప్రశ్నకి అవును పడింది. నా తమ్ముడు బండి మీద లోపలికి వెళ్లిపోయాడు. స్వరూప నల్ల మార్కరు తీసుకుని నా చీటీలన్నిటినీ కొట్టేసింది. ఖాళీ పెట్టె మీద పుర్రె ఉండకూడదు, అదీ నియమమే. "ఏమనుకోకు," అంది నాతో. నేనేమీ అనుకోలేదని చెప్పలేను.

ఇప్పుడు నేను నాచారం షెడ్డులో ఒక మూల ఉన్నాను. నా లోపల వాడిన టేపు ముక్కలూ చీటీల వెనక కాగితాలూ వేస్తారు. నిండితే పాత పేపర్లు కొనే మనిషికి వెళ్లిపోతాను. ముద్ర ఇంకా ఉంది గానీ ఎవరూ చదవరు. మొదటి వారమంతా తమ్ముడి మీద అసూయతో కుళ్లిపోయాను. అయితే బెంగతో నాకంటే ఎక్కువ కుళ్లిపోతున్న మనిషి ఒకరు ఎదురుగా కనిపించేవారు. పరంధామయ్య గారు పొద్దున వచ్చి "చేరిందా?" అనేవారు, సాయంత్రం వెళుతూ "చేరిందా?" అనేవారు. ఎనిమిది రోజుల గడువు దాటిన తొమ్మిదో రోజు ఏమీ అడగలేదు. అన్నం కారియరు విప్పి, చూసి, మళ్లీ మూసేశారు. ఆ రోజు ఆయన్ని చూసి నాకు జాలేసింది. ఆ సీసాలు ఎవరి కడుపులో వెళితేనేం, చేరితే చాలుననుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

పదకొండో రోజు మధ్యాహ్నం మెయిల్ వచ్చింది. స్వరూప నా పక్కనే నిలబడి ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివి చెప్పింది. సరుకు బుధవారమే అందిందట. అప్పటికి పాత సీసాలో అడుగున కాస్తే మిగిలిందట. కొత్త సీసా విప్పి మొదట చూసింది మూడేళ్ల పాప రక్తమట. ఆ పాప ములెంగా గారి చెల్లెలి కూతురట. రెండు రోజులుగా కళ్లు తెరవడం లేదట. రంగు పోస్తే మలేరియా కనపడిందట, అప్పటికప్పుడు మందు మొదలుపెట్టారట. వెంటనే జవాబు రాయలేకపోయినందుకు క్షమించమని, ఈ పొద్దున పాప లేచి గంజి అడిగి తాగిందని రాసింది.

పరంధామయ్య గారు లేచారు. వెళ్లి చేతులు కడుక్కుని వచ్చారు. కారియరు విప్పి, బల్లకి ఇటు ఆయన, అటు స్వరూప కూర్చున్నారు. ఆయన మొదటి ముద్ద కలిపి చేతిలోనే పట్టుకున్నారు.

"గంజి తాగిందనే కదమ్మా రాసింది?"

"తాగింది సార్. మీరు తినుండ్రి," అంది స్వరూప.