లైటు వేసుకోని మనిషి

"సైకిలుకు లైటు ఉండగా ఇంకో లైటెందుకు?" అని భర్త అడిగేసరికి ఆమె దుప్పటి మడతపెడుతోంది. ఆమె బతుకంతా మడతలే. పెద్దాసుపత్రి లాండ్రీలో పొద్దుటి షిఫ్టులో దుప్పట్లు మడతపెడుతుంది, ఇంటికొచ్చి ఇంట్లోవి మడతపెడుతుంది. మొదటిదానికి ఉద్యోగమని పేరుంది, రెండోదానికి పేరే లేదు. నలభై రోజుల సెలవు అయిపోయింది, మర్నాడు మళ్ళీ పనిలోకి వెళ్ళాలి. "ఆ లైటు నాకొద్దు" అంది. ఎందుకొద్దని అతను అడగలేదు. సాయంత్రం ఇద్దరం సైకిలు కొట్టుకు వెళ్దామన్నాడు, ఎంతో మంచిగా.

మంచివాడే మరి, కాదన్నదెవరు? కొట్టడు, తిట్టడు. ఆమె ఆసుపత్రిలో పడి ఉన్న మూడు రోజులూ మంచం పక్కనే కూర్చుని చెంచాతో నీళ్ళు తాగించాడు. ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చాడు కూడా. లైటు సంగతి అప్పుడు చెప్తాడనుకుంది. ఇదిగో ఇప్పుడు నోరు విప్పుతాడు, ఇదిగో ఇప్పుడు అంటాడు అని అతని మొహంలోకే చూస్తూ పడుకుంది. ఒంటి కింద దుప్పటి మూల కుట్టు ఊడి ఉంది. అది తను పనికిరాదని పక్కన పెడితే సూపర్‌వైజరు మళ్ళీ వార్డుకు పంపించేసిన దుప్పటి. ఆమె ఆ ఊడిన దారాన్ని వేలికి చుట్టుకుంటూ ఎదురుచూసింది. అతను కళ్ళు తుడుచుకుని మందులు తేవడానికి వెళ్ళాడు.

ఆమె పడిన రోజు జరిగింది ఇంతే. అంతకుముందు సాయంత్రం కరెంటు పోయింది. ఐదో నెల కడుపుతో అలసిపోయి ఆమె చీకట్లోనే పడుకుంది. మేడ మీద భర్తా, అతని స్నేహితులూ పేకాడుకుంటున్న నవ్వులు నిద్రలో వినపడ్డాయి. తెల్లవారకముందే లేచేసరికి కరెంటొచ్చింది. నీళ్ళు పట్టి, వంట చేసి, అతని చొక్కా ఇస్త్రీ చేసి, మెట్లు దిగి చూస్తే సైకిలు హ్యాండిల్ మీద లైటు లేదు. దాన్ని తగిలించే క్లిప్పు మాత్రం ఉంది. వెతికింది. మళ్ళీ పైకెక్కి భర్తను లేపింది. అతను కళ్ళు తెరవకుండానే, పొద్దున్నే ఆ గోలేమిటి, రోజూ వెళ్ళే దారేగా అన్నాడు. షిఫ్టు గేటు మూసేస్తే మళ్ళీ తెరవరు. వెళ్ళింది. మురుగు కాలవ పక్క రోడ్డు మీద ఒక్క దీపం వెలగదు. ఎవరో మూత తీసిన గుంతలోకి ముందు చక్రం దిగిపోయింది. బిడ్డ దక్కలేదు.

ఇంటికి తీసుకొచ్చిన రోజు మెట్ల కింద సైకిలు కనపడింది. హ్యాండిల్ మీద లైటుంది. వీధి గుమ్మంలోంచి దూరంగానే చూసి ఆమె అక్కడే నిలబడిపోయింది. "లైటు లేదన్నావు! మరి అదేంటి?" అంది అత్తగారు. పరామర్శకు వచ్చిన వాళ్ళందరికీ ఆవిడ ఒకటే పాట. "చార్జింగు ఎక్కడ అయిపోతుందోనని మా కోడలు లైటు వేసుకోలేదమ్మా. ఉన్న లైటు వేసుకోక బిడ్డను గుంతలో పారేసుకొచ్చింది." కడుపుకోతలో ఉన్నదానికి పుండు మీద కారం చల్లడమంటే ఇదే. లైటు వేసుకోని మనిషి అని చుట్టాల్లో పేరే పడిపోయింది. ఆ మాటన్నప్పుడల్లా భర్త అక్కడే ఉన్నాడు. వచ్చినవాళ్ళకు కుర్చీలు వేశాడు. ఒక్కసారి ఆమే అడిగింది, ఆ రోజు లైటెక్కడుందని. "ఎక్కడుంటుంది, సైకిలుకే ఉంది" అని గోడవైపు తిరిగాడు. పదిమంది పది సార్లు అంటే మనిషికి తన కళ్ళ మీద తనకే నమ్మకం పోతుంది. నిద్రమత్తులో నేనే చూడలేదేమో, నా బిడ్డను నేనే చంపుకున్నానేమో అని నలభై రోజులు కుమిలిపోయింది. ఆ సైకిలు దగ్గరికి మాత్రం వెళ్ళలేదు.

సాయంత్రం సైకిలు అతనే నడిపించుకొచ్చాడు. నువ్వు శ్రమపడకు అన్నాడు. కొట్టు పెద్దాయన కళ్ళజోడు నుదుటికి నెట్టుకుని ఏ దారిలో వెళ్తారమ్మా అని అడిగాడు. కాలవ పక్కదని చెప్పింది. అయితే దూరం కొట్టే లైటు మీకొద్దు, అది ఎదుటివాడి కళ్ళలో పడుతుందే తప్ప మన చక్రం ముందున్నది కనిపించదు, వెడల్పుగా కిందికి పరుచుకునేది తీసుకోండి అని నాలుగు రకాలు తీసి బల్ల మీద పెట్టాడు. ఒక్కోటీ వెలిగించి కొట్టులోని నేల మీదికి పట్టి చూపించాడు. మేకు కూడా కనపడాలి, అప్పుడే దాన్ని లైటంటారు అన్నాడు. భర్త అన్నిటికన్నా ఖరీదైనదాన్ని చూపించి ఇది తీసుకో అన్నాడు. ఆమె వెడల్పుగా పడేదే ముట్టుకుంది. పెద్దాయన మెచ్చుకోలుగా తలాడించి, పాతది తీసేద్దామని సైకిలు మీదికి వంగాడు. వంగినవాడు నవ్వాడు.

"ఇదెవరమ్మా తలకిందులుగా పెట్టింది? స్విచ్చి కిందికెళ్ళిపోయింది. ఇలా పెడితే వెలుగు చెట్ల మీద పడుతుంది. రోజూ తొక్కే మనిషి పెట్టింది కాదిది."

ఆమె అప్పుడు వెళ్ళి చూసింది. మూడేళ్ళు రోజూ తీసి, చార్జింగు పెట్టి, మళ్ళీ తగిలించిన చెయ్యి ఆమెది. చీకట్లో, నిద్రమత్తులో, ఒంట్లో బాగాలేకపోయినా ఆ చెయ్యి లైటును అలా తగిలించదు. ఆ ఇంట్లో ఇంకెవరూ ఆ సైకిలు ముట్టుకోరు. తను ఆసుపత్రిలో పడి ఉంటే, ఆ దారం వేలికి చుట్టుకుంటూ ఉంటే, మందులకని వెళ్ళిన మనిషి పేకాటకు తీసుకెళ్ళిన లైటు మేడ మీంచి తెచ్చి తొందరతొందరగా తగిలించాడు. ముందొచ్చింది కోపం కూడా కాదు, నేను చంపుకోలేదు అన్న ఒక్క మాట. దాని వెనకే ఏడుపు.

భర్త తేలు కుట్టిన దొంగలా నిలబడి, అంతలోనే తేరుకుని పెద్దాయనతో నవ్వుతూ అన్నాడు. "ఈవిడే పెట్టుకునుంటుంది లెండి, ఏదీ చూసుకోదు. ఆ రోజు లైటు కూడా వేసుకోలేదు."

ఇన్నాళ్ళూ అత్తగారన్నారు, చుట్టాలన్నారు. అతను అనడం అదే మొదలు.

"ఆ రోజు నా సైకిలుకు లైటు లేదు" అని ఆమె పెద్దాయనతోనే చెప్పింది. "ఈయన తీశారు. తర్వాత ఈయనే పెట్టారు." పెద్దాయన ఇద్దరి మొహాలూ చూశాడు. కొత్త లైటు బిగించాడు. ఎంత వంచాలో ఆమెనే అడిగి అంతే వంచాడు.

భర్త ఆమె వెనకే కొట్టు మెట్టు దిగి వచ్చాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"అమ్మకు మాత్రం చెప్పకు. నేనే తీశానని తెలిస్తే తట్టుకోలేదు."

నేనే తీశాను. ఆ మాట కోసమే నలభై రోజులు కాచుకుంది. అది వస్తే అతని భుజం మీద పడి ఏడుస్తానని, ఇద్దరం కలిసి ఆ బిడ్డ కోసం ఏడుస్తామని, ఆ తర్వాత ఎలాగో బతికేస్తామని అనుకుంది. వచ్చింది. వాళ్ళమ్మ కోసం వచ్చింది. ఆమె సైకిలెక్కి ఇంటివైపు కాక తన అక్క ఉండే వీధివైపు తిప్పింది. ఎక్కడికని అతను హ్యాండిల్ పట్టుకున్నాడు.

"నేను తట్టుకోగలనని మీకెవరు చెప్పారు?" అంది.

అతని చెయ్యి జారిపోయింది. చీకటి పడుతోంది. దారి పొడుగునా ఆమె ఏడుస్తూనే తొక్కింది, కానీ ఒక్క గుంతలోనూ పడలేదు.