వెనకవైపు కిటికీ

"మొన్న సెలవుల్లో టూర్‌కెళ్ళి చూశాంగా, ఆ టవర్ బొమ్మ ఒకటి వేసిపెట్టు. మా మేనేజర్ కొత్తిల్లు కొన్నాడు, ఇద్దాం," అన్నాడు మా ఆయన, నేను పాప లంచ్‌బాక్సు కడుగుతుంటే. "నీకెంతసేపు, అరగంట పని."

నేను బళ్ళో డ్రాయింగ్ టీచర్ని. ఇంట్లో నేను చేసేదంతా ఆయన లెక్కలో అరగంట పనే. వంట, బట్టలు, పాప హోంవర్కు, ఇప్పుడు బొమ్మ.

ఆదివారం కాగితం పరుచుకుని కూర్చున్నాను. పక్కన ఫోన్‌లో ఫొటో. టవర్ ముందు ఆయనా, పాపా, ఆడపడుచూ నవ్వుతున్నారు. నాకు మాత్రం ఆ టవర్ కళ్ళముందుకు రాదే! ఎలా వస్తుంది? ఆ ఊళ్ళో దిగిన రోజే అత్తయ్యకి కాళ్ళు వాచాయి. "నా మానాన నేను పడుకుంటాను, అందరూ వెళ్ళిరండి," అందావిడ, పాపం. "ఒక్కదాన్నే ఎలా వదిలేస్తాం? నువ్వుండు. నీకు తిరగడం అంత ఇష్టం ఉండదుగా," అని నా ఇష్టం కూడా తనే చెప్పేసి మా ఆయన బూట్లు వేసుకున్నాడు. మూడు రోజులూ నాకు హోటల్ గదే ఊరు. అత్తయ్య కాళ్ళకి కాపడం పెట్టడం, తిరిగొచ్చినవాళ్ళ సాక్సులు ఉతికి కుర్చీల మీద ఆరెయ్యడం. ఖాళీ దొరికితే వెనకవైపు కిటికీ దగ్గర నిలబడేదాన్ని.

కాగితం మీద నా చెయ్యి ఆ కిటికీనే వేసింది. ఇరుకు సందు, కారే నీళ్ళ గొట్టం, ఎదురు డాబా మీద తడి దుప్పట్లు దులిపి ఆరేసే పనామె. ఓసారి నన్ను చూసి చెయ్యూపింది. ఆ మూడు రోజుల్లో "ఎలా ఉన్నావ్" అన్నట్టు చూసింది ఆమె ఒక్కతే.

మా ఆయన బొమ్మని అటూ ఇటూ తిప్పాడు.

"టవరేదీ?"

"మా గదిలోంచి కనపడలేదు."

"ఇదుగో, ఈ పైనంతా ఖాళీయేగా. ఇక్కడ వేసెయ్."

"ఖాళీ కాదు, ఆకాశం."

"సర్లే, ఈ గొట్టాలూ దుప్పట్లూ ఎవడు గోడకి తగిలించుకుంటాడు?"

అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని వంగి చూసింది. "ఈ గొట్టమేనే, రాత్రంతా నన్ను నిద్రపోనివ్వలేదు," అంది మెల్లగా. తర్వాత కళ్ళజోడు తీసి నావైపు చూసింది.

పాప మా మధ్య దూరింది. "ఇది ఏ ఊరమ్మా? మనం వెళ్ళలేదుగా."

"నేను వెళ్ళాను," అన్నాను.

ఫోన్ ఆయన చేతిలో పెట్టి, బొమ్మ కింద మూలన నా పేరు రాశాను. ఆ ఊరివి ఇంకా చాలా వెయ్యాలి నేను. టవరే కావాలంటే, ఆ ఫొటోకి ఫ్రేము ఆయనే కట్టించుకుంటాడు.