లక్ష్మీకాంతం పలకని పేరు

గురజాలలో పుల్లయ్య ఇంటి వంటగదిలో, పప్పు డబ్బాకు ఆనించిన ఫోన్‌లో షహనాజ్ కనిపించింది. మతిమరుపు జబ్బుతో మాటలు జారిపోతున్న అతని భార్య లక్ష్మీకాంతం చేత ఆ అమ్మాయి గుంటూరు నుంచి వీడియో కాల్‌లో మాటలు సాధన చేయిస్తోంది. ఆ రోజు సిగ్నల్ దయతలచింది. వీడియో ఎక్కడా ఆగలేదు.

దువ్వెన బొమ్మ చూపిస్తే "దువ్వెన" అంది లక్ష్మీకాంతం. గొడుగు చూపిస్తే చాలాసేపు వెతుక్కుని, "వానకి" అంది.

"భలే చెప్పారమ్మా! ఇప్పుడు మీ పక్కన కూర్చున్నాయన పేరు చెప్పండి."

లక్ష్మీకాంతం పెదవులు బిగించి గోడ వంక చూసింది.

పురుగుమందుల కొట్టు నుంచి అప్పుడే వచ్చిన కొడుకు జ్ఞానేశ్వర్ గడపలోనే ఆగిపోయాడు. "చూశావా నాన్నా? నీ పేరే మర్చిపోయింది. ఇంకేంది ఈ క్లాసులు? అమ్మని విసిగించమాక. రేపట్నుంచి ఆపేద్దాం."

"ఆపేదానికి నువ్వెవడివిరా?" పుల్లయ్య గొంతు లేచింది. "మీ అమ్మ నా పేరు పలకంగా ఎప్పుడన్నా విన్నావా? పెళ్ళైన కాడ్నుంచి 'ఏమయ్యో' తప్ప ఈ ఇంట్లో నాకింకో పేరుందా?"

"అప్పుడు తెలిసి పలకలేదు. ఇప్పుడు తెలీక పలకట్లేదు."

నిన్న పొద్దున ఆమె తనని ఎవరో చుట్టమనుకుని కుర్చీ వేసి కూర్చోమన్న సంగతి పుల్లయ్య ఎవరికీ చెప్పలేదు.

షహనాజ్ నాలుక కరుచుకుంది. "నాదే పొరపాటు. పెద్దవాళ్ళు మొగుడి పేరు చెప్పరుగా! వేరే ప్రశ్న అడుగుతాను."

"వద్దు మేడమ్, అదే అడగండి. అమ్మా, నాన్న పేరేంది? చెప్తేనే రేపు క్లాసు."

లక్ష్మీకాంతం కొడుకును చొక్కా పట్టి దగ్గరికి లాగింది. మోచేత్తో డొక్కలో ఒక్క పోటు పొడిచింది.

"నువ్వు..." మాట దొరక్క తల విదిల్చింది. "నువ్వు చెప్పరా!"

అతని చిన్నప్పుడు రేషన్ కొట్టులో, ఆసుపత్రిలో, ఎవరు మొగుడి పేరడిగినా పక్కనున్న పిల్లవాణ్ణి ఇలాగే పొడిచి చెప్పించేది. ఆ పోటు జ్ఞానేశ్వర్‌కు కొత్త కాదు.

"పుల్లయ్య," అన్నాడు మెల్లగా.

"ఆఁ. అదీ." ఆమె ఫోన్ వైపు తిరిగి తల ఊపింది.

జ్ఞానేశ్వర్ డొక్క రుద్దుకుంటూ అక్కడే కింద కూర్చున్నాడు. "రేపు ఎన్నింటికి మేడమ్?"

"ఎప్పటిలాగే. కానీ సార్, ఈ జబ్బు ముదురుతుందే గాని..."

"తెలుసు తల్లీ," అన్నాడు పుల్లయ్య. "ఒక్కో మాటా పట్టుకుపోతది. పోనీ. ఊరికే మాత్రం ఇవ్వం. ఇంకో బొమ్మ చూపించు."