నాలుగో చిలక్కొయ్య

నేను ఒక ఏప్రన్‌ని. వంటింట్లో పనిచేసేటప్పుడు బట్టలు పాడవకుండా ముందువైపు కట్టుకునే గుడ్డని. నీలం గళ్లు, ఒక జేబు, నడుముకి రెండు తాళ్లు. దగ్గరికొచ్చి చూస్తేగాని ఆ గళ్లు ఇప్పుడు కనపడవు. నన్ను చాలా ఉతికారు.

నన్ను కుట్టింది మార్తా. అమెరికాలో ఎర్రకొండల కింద ఒక ఎడారి ఊరు వాళ్లది. ఊరి పేరు చెప్పను. చెప్పనని మాటిచ్చిన మనిషి దగ్గర బతికినదాన్ని. మోర్మన్ మతంలో పెద్ద సంఘం ఒకరికి ఒకే భార్య అని ఏనాడో తీర్మానించుకుంది. ఈ ఊరివాళ్లు మాత్రం పాత పద్ధతే దేవుడి పద్ధతని విడిగా ఉండిపోయారు. మార్తా భర్త హైరమ్‌కి ముగ్గురు భార్యలు. పెద్దామె మార్తా, నడిపామె జెరూషా, చిన్నామె లవీనా. పిల్లలు పంతొమ్మిది మంది.

వంటింటి గోడకి నాలుగు చిలక్కొయ్యలు ఉండేవి. మూడింటికి మూడు ఏప్రన్‌లు. ఆ ఇంట్లోకి కొత్త భార్య రావాలంటే పెద్దభార్య ఒప్పుకోవాలి. ఒప్పుకున్నానని నోటితో చెప్పదు. తన చేత్తో ఏప్రన్ కుట్టి ఖాళీ కొయ్యకి తగిలిస్తుంది. వచ్చే ఆమె అది కట్టుకుంటుంది. అలా మార్తా ఇదివరకు రెండు కుట్టింది. హైరమ్ ఆరు నెలలు అడగ్గా అడగ్గా నన్ను కుట్టింది. నన్ను తగిలించిన రోజు ఆయన రెండు రొట్టెలు ఎక్కువ తిన్నాడు. లవీనా అసలు తినలేదు. ఆమె ఆ ఇంటికొచ్చి రెండేళ్లు కాలేదు, ఒళ్లో నెలల పిల్ల.

అప్పటికి పదిహేను రోజులుగా ఒక తెలుగావిడ అక్కడ ఉంటోంది. పేరు తాయారు. వాల్తేరులో మానవశాస్త్రం చదివి, పరిశోధనకి ఆ దేశం వెళ్లింది. మనుషులు ఎలా బతుకుతున్నారో దగ్గరుండి చూసి రాయడం ఆవిడ పని. చూడాలే గాని వేలు పెట్టకూడదట. రోజూ ముందుగదిలో టేపు రికార్డరు పెట్టి అడిగేది. "మేం సంతోషంగా ఉన్నాం" అని ముగ్గురూ ఒకే మాట చెప్పేవాళ్లు. ఇన్ని టేపుల సంతోషాన్ని ఏం చేసుకోవాలో ఆవిడకి తోచలేదు.

ఒక మధ్యాహ్నం విసుగెత్తి వంటింట్లోకి వచ్చింది. సింకు నిండా గిన్నెలు. కొంగు దోపుకుని, నాలుగో కొయ్య మీదున్న నన్ను తీసి కట్టేసుకుని తోమడం మొదలుపెట్టింది.

ముగ్గురూ చేతిలో పని ఆపేశారు. జెరూషా గరిట పట్టుకునే అడిగింది.

"ఆయన నీతో మాట్లాడాడా?"

"దేని గురించి?"

"అది కట్టుకున్నావంటే నాలుగోదానివి నువ్వే కదా," అంది లవీనా. "పిల్లలు ఎనిమిదిమందికి తగ్గకూడదు. ఓపికుందా?"

"అయ్యో రామ!" తాయారు గబుక్కున తాడు లాగింది. అది కాస్తా పీటముడి పడింది. "నాకు మొగుడున్నాడు, కాకినాడలో. ఒక్క పెళ్లాంతోనే వేగలేక చస్తున్నాడు."

"ఆ మాట మా ఆయనకి కూడా చెప్పు తల్లీ," అంది జెరూషా. ముగ్గురూ పడీపడీ నవ్వారు.

ముందు నవ్వాపింది మార్తా. తడిసిన నా జేబుని వేళ్లతో తడిమింది.

"కట్టి విప్పిన గుడ్డ పెళ్లికూతురికి పెట్టకూడదు. ఇది నువ్వుంచుకో తాయారూ. నేను ఇంకోటి కుడతాను."

"నా మూలంగా మీకు పని..."

"కుడతాలే. ఈమధ్య వేళ్లు చెప్పిన మాట వినడం లేదు. టైము పడుతుంది."

లవీనా చేతిలో ఉన్న పళ్లేన్ని తుడిచిందే తుడిచింది.

ఆ రోజునించి టేపు రికార్డరు పెట్టెలోకి వెళ్లింది. మాటలన్నీ సింకు దగ్గరే. ఎవరు కుళాయి విప్పి ఏడుస్తారో చెప్పారు. జెరూషాకి జ్వరమొస్తే ఆమె పిల్లాడికి లవీనా పాలిచ్చిందనీ చెప్పారు.

"మా అమ్మమ్మకి సవతి ఉండేది," అంది తాయారు ఒకసారి. "చచ్చేదాకా ఒకరి చేతి వంట ఒకరు తినలేదు."

"ఆమెని ముందు అడిగారా?" అంది మార్తా.

"ఎవరడుగుతారు?"

"మమ్మల్ని అడుగుతారు. కాదనడానికి మాత్రం వీల్లేదు."

తాయారు ఏటా వేసవికి నన్ను పెట్టెలో పెట్టుకుని ఆ ఊరు వెళ్లేది. ఏటా హైరమ్ అడిగేవాడు, ఏప్రన్ ఎంతదాకా వచ్చిందని. జేబు వంకర పోయింది, విప్పి కుడుతున్నానని ఒక ఏడు. గుడ్డ వెలిసింది, మార్చానని ఇంకో ఏడు. ఆచారం దాటి భార్యని తెచ్చుకుంటే సంఘంలో తలెత్తుకోలేడు. ఆయన చూసిపెట్టుకున్న పిల్ల వేరే పెళ్లి చేసుకుంది. తరవాత ఇంకో పిల్ల కూడా. పదకొండు వేసవులు అలా గడిచాయి. నన్ను ఆ రోజు కట్టుకోకపోతే ఏమయ్యేదో తాయారుకి తెలుసు.

పుస్తకం రాస్తూ ఈ ఏప్రన్ ఆచారం అధ్యాయం దగ్గర నెల్లాళ్లు ఆగిపోయింది. నేను కుర్చీ వీపున వేలాడుతున్నాను. నిజం రాస్తే ఎవరో ఒకరు హైరమ్ చెవిన వేస్తారు. మార్తా ఇన్నేళ్ల కుట్టు బయటపడుతుంది. చివరికి ఒక వాక్యం రాసింది: "మొదటి భార్య అంగీకారం లాంఛనం మాత్రమే, ఆపే శక్తి ఆమెకి లేదు."

ఆ వాక్యమే ఆవిడకి పేరు తెచ్చింది. పిల్లలు పరీక్షల్లో రాశారు, పండితులు సభల్లో చదివారు. ఒక సభలో ఒకావిడ లేచి, "అన్నేళ్లున్నారు, అంతమందిలో ఒక్కదానికీ తెలివి లేదనే తేల్చారా?" అని నిలదీసిందట. కనిపించింది రాశానంది తాయారు. ఇంటికొచ్చి నన్ను కట్టుకుని, తోమిన గిన్నెలే మళ్లీ తోమింది. ఆ పూట ఆవిడ చేతుల బరువు నాకు తెలిసింది.

హైరమ్ పోయాడు. కొన్నేళ్లకి మార్తా కూడా పోయింది. తాయారు అమెరికాలో పాఠాలు చెప్పే ఉద్యోగం విరమించి వాల్తేరు వచ్చేశాక లవీనా దగ్గర్నించి ఒక పార్శిల్ వచ్చింది, లోపల ఉత్తరం. "మార్తక్క కుట్టుపెట్టె అడుగున దొరికింది. నీకే పంపాలనిపించింది. నాలుగో కొయ్యకి ఇప్పుడు నా మనవరాలి టోపీ తగిలిస్తున్నాం."

పార్శిల్‌లో నాలాంటిదే ఇంకో ఏప్రన్. జేబు తిన్నగా ఉంది, అంచులు నా అంచులకంటే బాగున్నాయి. నడుం తాళ్లు మాత్రం కుట్టలేదు, కత్తిరించి, ఇస్త్రీ చేసి, మడిచి, గుండుసూదితో గుచ్చి ఉన్నాయి. వాటిని కుట్టడం పావుగంట పని.

మొన్న తాయారు మా ఇద్దరినీ ఇక్కడి మ్యూజియానికి ఇచ్చేసింది. వస్తువులకి చీటీలు రాసే అమ్మాయి రెండోదాన్ని తిప్పి చూసింది.

"పాపం, కుట్టినావిడ పూర్తి చెయ్యకుండానే పోయినట్టుంది. అసంపూర్ణం అని రాస్తాను మేడమ్."

"వద్దు. పూర్తయిందని రాయి."

"తాళ్లు కుట్టలేదు కదండీ?"

"కుట్టలేదు." తాయారు కుర్చీ లాక్కుని కూర్చుంది. "నా పుస్తకం ఇక్కడి లైబ్రరీలో ఉందా?"

ఉంది. అమ్మాయి తెచ్చిచ్చింది. తాయారు పేజీ వెతకలేదు, చెయ్యే అక్కడికి వెళ్లింది. పెన్ను తీసి ఆ వాక్యాన్ని అడ్డంగా కొట్టేసింది.

"మేడమ్! అది లైబ్రరీ పుస్తకం!"

"కూర్చో అమ్మా. చీటీ పెద్దదవుతుంది."

ఇప్పుడు మేమిద్దరం ఒకే సొరుగులో ఉన్నాం. నా మీద సబ్బు మరకలు, చింతపండు మరకలు, ఇంకా ఏవేవో ఉన్నాయి. దాని మీద ఒక్కటీ లేదు. దాన్ని ఎవరూ కట్టుకోలేదు.