పిండి చేతులు

మూత్రంలో ఫంగస్ కనిపించిందని ల్యాబువాళ్లు చెప్పినప్పుడు బ్రెడ్డు మాస్టరు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఈస్టూ ఫంగసే కదా, పొద్దస్తమానం ఈస్టు కలిపిన పిండిలో చేతులు పెట్టేవాడి మూత్రం సీసాలో ఈస్టు కాక ముత్యాలు దొరుకుతాయా అన్నాడు. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న భార్యకూ ఆ మాట సబబుగానే తోచి నవ్వేసింది. ఆయన షుగరుకి మందులిచ్చే డాక్టరమ్మ మళ్లీ శాంపిల్ ఇమ్మంది. చేతులు శుభ్రంగా కడిగి ఇస్తాలెమ్మంటూ ఆయన రేపూ మాపూ అని దాటేశాడు. షుగరు మాత్రలదీ అదే దారి. పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషికి ఎవరు చెప్పగలరు?

వారం తిరక్కుండానే నడుం పక్కన పోటు, ఒళ్లు కాలిపోయే జ్వరం. రోజూ పొయ్యి ముందు చెమటలు కక్కే మనిషి దుప్పట్లో వణుకుతుంటే భార్య కొట్టు మూసేసింది. ఆయన్ని ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తింది. స్కానింగ్ చేస్తే, ఎడమ కిడ్నీలో ఏదో ఉండ అడ్డుపడి, మూత్రం కిందికి దిగక కిడ్నీ ఉబ్బిపోయి ఉంది. అది దక్కుతుందో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు. వీపులోంచి సన్నటి గొట్టం వేసి, నిలిచిన మూత్రాన్ని తీసి పరీక్షకు పంపారు.

అందులోనూ ఫంగసే.

"నా చేతులకెప్పుడూ ఈస్టే కదమ్మా, అదేమో..." అన్నాడాయన నీరసంగా.

"ఇది నేరుగా కిడ్నీలోంచి తీసింది మాస్టారూ. మీ చెయ్యి తగల్లేదు."

షుగరు అదుపు తప్పినవాళ్లలో ఎక్కడో ఒకరికి ఫంగస్ ఇలా లోపలే పెరిగి ఉండ కడుతుందని డాక్టరమ్మ నెమ్మదిగా వివరించింది. ఆనాడు తానూ నవ్విన సంగతి గుర్తొచ్చి భార్య మొహం తిప్పుకుని ఏడ్చింది.

ఫంగస్ మందు ఎక్కించారు, ఇన్సులిన్ మొదలుపెట్టారు, ఉండను ముక్కలు చేసి గొట్టంలోంచే తీశారు. ఎలాగైతేనేం, కిడ్నీ దక్కింది. మాస్టరు మళ్లీ పిండి బల్ల దగ్గరికి వచ్చాడు.

ఆఖరి పరీక్షలో ఫంగస్ లేదని ల్యాబునుంచి ఫోనొచ్చింది. భార్యకు ప్రాణం లేచొచ్చింది. ఆ మాట చెబితే ఆయన సంతోషించాల్సింది పోయి, పిండి పిసకడం ఆపేసి తల వంచుకున్నాడు.

"ఈ ఆఖరి సీసా ఇచ్చిన రోజు పిండి మధ్యలోంచి లేచి వెళ్లానే. చేతులు కడుక్కోవడం మర్చిపోయాను. అయినా అందులో ఫంగస్ రాలేదు."

ఆమె వచ్చి ఆ పిండి చేతులు పట్టుకుంది.

"పాపం, వీటి మీద ఎంత నింద వేశామండీ," అంది.