పద్మకుమారి జలుబు

నరసన్నపేట బియ్యం వర్తకుడు బంగారురాజు కూతురు పద్మకుమారికి పంతొమ్మిది వందల అరవై ఎనిమిదిలో ఏడాది పొడవునా జలుబే. నాయనమ్మ సుభద్రమ్మ కిటికీలు మూయించి, ఎండ తగలనివ్వక, తెల్లటి మిల్లు బియ్యపు అన్నంలో చారు పోసి తినిపించేది. మెడలో రక్షరేకు కట్టింది. జలుబు పోయేదాకా పిల్లను బడికి పంపరాదని శాసించింది. వచ్చే ఏడు బడి తెరవగానే పిల్లను చేర్చి తీరాలని తల్లి భాగ్యవతి పట్టుదల.

మరుసటి వేసవిలో సుభద్రమ్మ పాతపట్నంలోని చెల్లెలింటికి వెళ్లింది. మర్నాడే భాగ్యవతి కిటికీలు తెరిచింది. పిల్లకు పొద్దున చోడంబలి (రాగి జావ), మధ్యాహ్నం పప్పు, ఆకుకూర, సాయంత్రం వీధిలో ఆట అలవాటు చేసింది. తలంటినప్పుడు తీసిన రేకును మళ్లీ కట్టనే లేదు.

అత్తగారు తిరిగొచ్చేసరికి పిల్ల ముక్కు పొడిగా ఉంది.

"సూసినావేటే, నా రేకు మహిమ!"

"రేకు అదిగో అత్తా, మేకుకి ఏలాడతన్నాది. పిల్ల అంబలి తాగింది."

"బియ్యమమ్మే మనింట్లో అంబలేటే? ఊరు నవ్వదా!"

"నవ్వితే నవ్వనీ."

ఒక్క పిల్ల, ఒక్క వేసవి. మేలు చేసింది అంబలో, ఎండో, కేవలం రుతువో తేల్చడానికి ఆ సాక్ష్యం చాలదు. సుభద్రమ్మకు మాత్రం ఏ సందేహమూ లేదు.

"అయితే మేకు మీంచే పని సేసిందన్నమాట. ఎంత గొప్ప రేకో సూడు!"

భాగ్యవతి ఆ మాటనే అందిపుచ్చుకుంది.

"అంత గొప్ప రేకు ఇంట్లో ఉండగా, పిల్లని బడికంపడానికి బయమేటత్తా?"

బడి తెరిచిన సోమవారమే పద్మకుమారి బడిలో చేరింది.