బ్యాంకు పేరున్న బిందె

ఎల్బీ నగర్ చౌరస్తా ఎండ సంగతి మీకు తెలియదేమో. ఓసారి మిట్టమధ్యాహ్నం ఒక కోడి రోడ్డు దాటుతూ గుడ్డు పెడితే, అది అవతలి పక్కకు చేరి వెనక్కి చూసేసరికి ఆమ్లెట్ అయి కూర్చుందట. ఉల్లిపాయలు ఎవరు కోశారని మాత్రం అడక్కండి.

అలాంటి ఎండలో నల్లగొండ, సూర్యాపేట బస్సులు దిగిన జనానికి చేదోడు సహకార బ్యాంకు చలివేంద్రమే దిక్కు. బ్రాంచి ముందు తాటాకు పందిరి, ఇసుకలో కుదురుగా కూర్చున్న మట్టి రంజన్లు, ముంత పట్టుకుని ఆండాలు. బ్యాంకు పుట్టిననాటి నుంచి ఆమె అందులో సభ్యురాలు. ఎండాకాలం వస్తే పందిరికి యజమానురాలు. జీతం లేదు, గీతం లేదు. "దాహమైనోని జేబు సూసి నీళ్లు పోసుడు మా ఇంటా వంటా లేదు" అనేది.

ఈ ఏడు పందిరి వేయకముందే దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఫంక్షన్ హాల్లో సభ్యులందరికీ సమావేశం పెట్టారు. దానికి జనం ఎందుకొస్తారో బ్యాంకుకీ తెలుసు, జనానికీ తెలుసు. చివర్లో కానుక ఇస్తారు. కూపను పైకెత్తి చూపిస్తే చేతికొస్తుంది. ఈసారి స్టీలు బిందె అని తెలిసేసరికి, ఏడాదంతా మోకాళ్లు పట్టుకుని మూలిగిన వాళ్లు కూడా బాలాపూర్ లడ్డూ వేలానికి ఉరికినట్టు ఉరికొచ్చారు.

చైర్మన్ విశ్వేశ్వరరావు మైకందుకున్నాడు. మెట్రో రైలైనా ఎల్బీ నగర్‌లో ఆగుతుంది గానీ మైకు దొరికితే ఆయన ఆగడు. వినేవాళ్లు కునికిపాట్లలో ఉండగా, చలివేంద్రం ఎత్తేసి ఆ చోట దీపాల బోర్డు పెడదామన్న తీర్మానం చదివాడు. సరిగ్గా అప్పుడే పక్క తలుపు తెరుచుకుని బిందెలు తళుక్కుమన్నాయి.

"ఆమోదించేవాళ్లు చేతులెత్తండి" అన్నాడాయన.

హాలు హాలంతా కూపన్లతో లేచింది. అందరికన్నా ఎత్తున ఆండాలు చెయ్యి.

బిందె చంకన పెట్టుకుని బయటికొచ్చాక పొరుగింటి హనుమాయమ్మ బుగ్గన వేలేసుకుంది. "అదేమిటే ఆండాలూ, నీ పందిరి నువ్వే పీకించుకున్నావేం?"

"నేనా? నేను బిందెకెత్తిన చెయ్యి!"

"నేనూ దానికేగా ఎత్తాను. ఎత్తాక గానీ ఆయన చదివింది చెవికెక్కలేదు."

ఆండాలు గిరుక్కున వెనక్కి తిరిగి చైర్మన్ ముందు నిలబడింది. "సాబ్, గా తీర్మానం మల్ల పెట్టుండ్రి. మేం బిందెలకెత్తినం చేతులు."

"ఎందుకెత్తినా చెయ్యి చెయ్యే కదమ్మా" నవ్వాడాయన. "అయినా ఈ రోజుల్లో రంజన్లేంటండీ? బోర్డు పెడితే మన బ్యాంకు పేరు నలుగురికీ కనిపిస్తుంది."

"పేరు కనబడాల్నా? అంతే గద?" ఆండాలు బిందెను ఒకసారి తిప్పి చూసుకుంది. "కనబడేటట్టే చేస్త తియ్యుండ్రి."

పందిరి వేయాల్సిన రోజు వచ్చింది. పందిరి రాలేదు. బోర్డు స్తంభాలకు గుంతలు మాత్రం తవ్వారు. ఆండాలు నిండు బిందె నెత్తిన పెట్టుకొచ్చి బ్యాంకు మెట్టు మీద దించింది. వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు.

"అవ్వా, ఈడ పెట్టొద్దు!"

ఆండాలు బిందెను రోడ్డు వైపు తిప్పింది. "ఏం రాసున్నది, సదువు బిడ్డా."

"చేదోడు సహకార బ్యాంకు, మీ సేవలో."

"మరి బ్యాంకు బిందె బ్యాంకు ముంగట కాక యాడ పెట్టాలె?"

అంతలో హనుమాయమ్మ ఆటో దిగింది, ఒళ్లో బిందెతో. ఆమె వెనక ఇంకొకావిడ, ఇంకొకావిడ. బిందెల వరుస దిల్‌సుఖ్‌నగర్ దాకా పోయిందని కొందరు కోతలు కోస్తారు. అబద్ధం. చైతన్యపురి దగ్గరే ఆగింది.

చైర్మన్ కారుకు లోపలికి దారి దొరకలేదు. టై వదులు చేసుకుంటూ ఎండలో నడిచొచ్చాడు. "ఏంటమ్మా ఇదీ? తీర్మానం అయిపోయింది కదా!"

"పందిరి వద్దన్నరు, ఏసినమా? ఎండలనే నిలవడ్డం సూడుండ్రి."

"ఇవన్నీ తీయించేస్తాను!"

"తీయించుండ్రి" అంది ఆండాలు, బస్సు దిగిన ఒక ముసలాయన దోసిట్లోకి ధార తప్పకుండా నీళ్లు పోస్తూనే. "ఒక్కొక్కటి మా చేతులకెల్లి గుంజుకోవాలె. జనమంత సూస్తున్నరు. పేరు కనబడేటట్టే గుంజుండ్రి సాబ్."

ముసలాయన మూతి తుడుచుకుని బిందె మీద అక్షరాలు కూడబలుక్కున్నాడు. "బ్యాంకోళ్లు సల్లగుండాలె" అని చైర్మన్‌కే దండం పెట్టి వెళ్లాడు. ఆ దండాన్ని ఏం చేసుకోవాలో విశ్వేశ్వరరావుకు తోచలేదు. చుట్టూ చూశాడు. ఒక్క బిందె కూడా కదల్లేదు.

"సరే... మళ్లీ సమావేశం పెడతాను" అన్నాడు చివరికి.

"పెట్టుండ్రి. ఈపారి కానుక పెట్టకుండ్రి. చేతులెందుకు లేస్తయో సూద్దాం."

సమావేశం దాకా ఆగే ఓపిక ఆడవాళ్లకు లేకపోయింది. బోర్డుకని తవ్విన గుంతల్లో సాయంత్రానికే పందిరి గుంజలు దిగాయి.

రంజన్లూ వచ్చాయి. ఆండాలు మాత్రం మెట్టు మీది బిందె తియ్యలేదు. దాని మీది బ్యాంకు పేరు ఇప్పటికీ రోడ్డు వైపే.